కనకరాజు మీద ఏడ్చిన పాట

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా ఏ షేర్ ఆటో ఎక్కినా ఈమధ్య ఆ పాట వినకుండా దిగలేం. "సద్దిగట్టిన చెయ్యి సల్లారనే లేదు, ఏడబోతివి రాజ కనకరాజా" అని ఓ ఆడగొంతు ఎత్తుకుంటుంది. రెండోసారి "కనకరాజా" అనేచోట ఆ గొంతు జీరబోయి, విరిగి, మళ్ళీ ఎలాగో లేస్తుంది. సంగీతం తెలిసిన పెద్దమనుషులు అక్కడ కళ్ళు మూసుకుని, ఆహా ఏం పలికించింది, ఎంత సాధన చేసి ఉంటుందో అని తలలూపుతారు. ఊపనివ్వండి. సాధనా లేదు, వల్లకాడూ లేదు. ఆ పిల్ల ఆ క్షణాన తన మొగుడు చచ్చిపోయాడనుకుంటోంది, అంతే.

పిల్ల పేరు మానస. జనగామ వైపు నుంచి పెళ్ళి చేసుకుని నాచారం వచ్చింది. పనల్లా ట్రాక్ పాడటం. అంటే పేరున్న గాయని వచ్చేలోగా పాట ఎలా ఉంటుందో పాడి చూపించాలి. ఆవిడ తీరిగ్గా వచ్చి అదే పాట పాడి వెళ్ళాక మానస గొంతు చెరిపేస్తారు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె పాడిన పాటలన్నీ అలా చెరిగిపోయినవే. మొగుడు కనకరాజు నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. మేడిపల్లిలో, దమ్మాయిగూడలో కొత్తగా లేచిన కాలనీలకు నీళ్ళు మోస్తాడు. ఇంట్లో మూడో మనిషి అత్త రాములమ్మ.

ఆ ఆదివారం పొద్దున కనకరాజు ట్యాంకర్ మీదికెక్కి మూత బిగిస్తుంటే ఓ కాకి వచ్చి నడినెత్తిన తన్ని పోయింది. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఆ మాట నవ్వుతూ చెప్పాడు. రాములమ్మ నవ్వలేదు. చేతిలో చాట కింద పెట్టేసి కొడుకు తల వంచి చూసింది. గీరుకుపోయి చుక్క నెత్తురు కనబడేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"అవ్వా, కాకి తంతె సస్తరా ఎవరన్న? గిదేం ఫికరే?" అన్నాడు కనకరాజు.

"నువ్వు నోర్మూసుకో. నా ముంగట నువ్వు పుట్టినవా, నీ ముంగట నేను పుట్టిన్నా?" అంది రాములమ్మ.

ఆమెకు తెలిసిన విరుగుడు ఒక్కటే. కాకి తన్నినవాడు పోయాడని అయినవాళ్ళకు ఉత్తుత్తి చావు కబురు పంపాలి. వాళ్ళు నిజమని నమ్మి గుండెలు బాదుకుని ఏడవాలి. ఏడుపు అయిపోయింది కాబట్టి చావూ అయిపోయినట్టే, ఇక ప్రాణం కోసం వచ్చినవాడు వచ్చిన దారినే పోతాడు. అయితే పొద్దుగూకేలోగా ఏడ్చిన ప్రతి మనిషికీ, అది ఉత్తదే, మనిషి బతికే ఉన్నాడు అని చెప్పి తీరాలి. చెప్పకుండా వదిలేస్తే ఆ ఏడుపు మనిషిని పట్టుకుంటుంది. రాములమ్మ మేనమామకు ఇలాగే చేశారట. నిజం చెప్పి రావలసినవాడు దారిలో కల్లు దగ్గర కూర్చుండిపోయాడట. ఏడ్చినవాళ్ళు తెల్లవార్లూ ఏడుస్తూనే ఉన్నారు, మేనమామ ఆ ఏడు దాటలేదు.

రాములమ్మ ముందు జనగామలో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. "నీ తమ్ముడు మనల్ని ఇడిశిపెట్టి పోయిండే బిడ్డా" అని రాగం తీసింది. కూతురు గడుసుది. "అవ్వా, జర వీడియో కాల్ జెయ్యి" అంది. చేస్తే ఏముంది, తల్లి వెనకాల తమ్ముడు ఉప్మా తింటూ కనబడ్డాడు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి పెట్టేసింది. పాతరోజుల్లో కబురు మోసుకుని మనిషి నడిచి వెళ్ళేవాడు, నమ్మక చచ్చేవాళ్ళా? ఇప్పుడు నమ్మించడమే కష్టం. అప్పుడు రాములమ్మకు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళిన కోడలు గుర్తొచ్చింది. స్టూడియోలో పాడేటప్పుడు మానస ఫోన్ బయట పెట్టేస్తుంది.

స్టూడియో నాచారం ఫ్యాక్టరీల మధ్య ఓ గోడౌన్ పైన ఉంది. పక్క షెడ్డులో రేకులు కొట్టే మిషన్ ఆదివారం ఆగుతుంది కాబట్టి రికార్డింగులన్నీ ఆదివారమే. నడిపేది ఉపేందర్, మానసకు పెద్దమ్మ కొడుకు. పాట కట్టేదీ అతనే, మిషన్ల ముందు కూర్చునేదీ అతనే. రాములమ్మ అతనికి ఫోన్ చేసి, నువ్వు చెప్తేనే నమ్ముతది నాయనా, నా కొడుకు పానం నీ చేతుల ఉన్నదని ఏడ్చింది. ఉపేందర్ కాదనలేకపోయాడు. అతనూ ఆ ఊళ్ళవాడే, కాకి మాట వినగానే అతనికీ ఒళ్ళు జలదరించింది. ఇదంతా మానసకు తర్వాత తెలిసింది.

అద్దం ఇవతలి చిన్నగదిలో ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, బొంబాయి పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఓ చప్పిడి పాటను పొద్దుటినుంచీ పాడుతోంది. చెవుల్లో శ్రుతి ఆగకుండా మోగుతోంది. దాని మధ్యలోంచి ఉపేందర్ గొంతు వినిపించింది.

"మానసా. బావకు యాక్సిడెంట్ అయ్యింది. ట్యాంకర్ బోల్తా పడ్డది. బావ పోయిండు, చెల్లె."

ఆమె అద్దంలోంచి అతని మొహం చూసింది. అతను తల దించుకున్నాడు. అక్కడే కూలబడింది. హెడ్‌ఫోన్ తియ్యాలని కూడా తోచలేదు. వాళ్ళ ఊళ్ళలో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాణ్ణి పిలుస్తూ, వాడి మంచి చెప్పుకుంటూ, రాగం తీసి శోకం పెడతారు. మానస నాయనమ్మ దగ్గర విన్న శోకమే ఆమె నోట వచ్చింది. పొద్దున్నే సద్ది కట్టిచ్చిన చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది, అదే అంది. పెళ్ళయిన తర్వాత ఎన్నడూ నోట పలకని మొగుడి పేరు పెట్టి పిలిచింది. బతికున్న మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు వాళ్ళింట లేదు.

ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. తలుపు తోసుకుని ఉపేందర్ ఉరికొచ్చి, "ఉత్తదే చెల్లె, ఉత్తదే, అత్త చెప్పమన్నది" అంటూ ఫోన్ మొహం ముందు పెట్టాడు. ఫోన్‌లో కనకరాజు ఉన్నాడు. "ఇగో, నేనే. నాకేం గాలే" అని ఇబ్బందిగా నవ్వాడు. అప్పుడామెకు కలిగింది సంతోషం కాదు, భయం. చచ్చినవాడు మాట్లాడుతున్నాడని ఆమె గట్టిగా అరిచింది. తర్వాత అక్కడే వాంతి చేసుకుంది. ఇంటికెళ్ళి అత్తతోనూ మొగుడితోనూ చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా సద్ది మాత్రం కడుతూనే ఉంది.

తర్వాత ఓ రోజు ఉపేందర్ పిలిపించి ఆ ఏడుపు వినిపించాడు. దాని కింద డప్పు ఒక్కటే వేశాడు, చాలా మెల్లగా. "రికార్డింగు ఆపుదామనే అనుకున్న చెల్లె. చెయ్యి రాలే" అన్నాడు తలొంచుకుని. మానసకు ఒళ్ళు మండింది. పైగా ఇంకో సంగతి ఆమెను అంతకన్నా ఎక్కువ భయపెట్టింది. ఆ ఏడుపు ఎక్కడా శ్రుతి తప్పలేదు. మొగుడు పోయాడని విన్న క్షణంలో కూడా తన గొంతు చెవుల్లో మోగుతున్న శ్రుతిని పట్టుకునే ఉంది. ఇది మనిషి గొంతేనా అనిపించింది.

"ఎవరి పేరేస్తవ్?" అని అడిగింది.

"నీదే. పెద్ద అక్షరాలతోని."

ఇన్నేళ్ళుగా చెరిగిపోయినవాళ్ళకే ఆ మాట రుచి తెలుస్తుంది. వెయ్యి అంది. ఆ ఒక్కమాట ఎందుకన్నానా అని తర్వాత ఆమె ఏడవని రోజు లేదు.

పాట యూట్యూబ్‌లోకి వెళ్ళిన వారానికే ఆటోల్లోకి ఎక్కింది. ఆటోల నుంచి చాయ్ దుకాణాలకు, అక్కడి నుంచి ఫంక్షన్ హాళ్ళకు. కనకరాజు మొదట్లో ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. తన పేరు ఊరంతా మోగుతుంటే ఎవడికి చేదు? ఫోన్ రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. ఎవరు ఫోన్ చేసినా అతని జేబులోంచి పెళ్ళాం అతని మీద శోకాలు పెట్టేది. తోటి డ్రైవర్లు "ఏం రా పీనుగా, తిన్నవా?" అని పలకరించేవాళ్ళు, అతనూ నవ్వేవాడు. పాట కింద జనం "కనకరాజన్నకు జోహార్", "అన్న ఆత్మకు శాంతి కలగాలి" అని రాసేవాళ్ళు. ఎవడో మానస పేజీలోంచి అతని ఫొటో తీసి దండ వేసి పెట్టాడు. దండ చూశాక కనకరాజు నవ్వడం తగ్గించాడు.

ఓ మధ్యాహ్నం రాములమ్మ కూరగాయలకని రోడ్డెక్కితే వైకుంఠ రథం ఎదురొచ్చింది. లోపల ఎవరిదో శవం, పైన మైకులో కోడలి గొంతు. ఆమె సంచీ అక్కడే పారేసి ఇంటికొచ్చింది.

"ఎంతమంది ఏడుస్తున్నరే గా పాటకు?" అని అడిగింది.

"లచ్చలమంది అత్తా" అంది మానస.

"మరి వాళ్ళకెవ్వలు చెప్పిన్రు?"

మానసకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమెకు అద్దం అవతలి నుంచి ఒకడు ఉరికొచ్చి ఉత్తదే అని చెప్పాడు. ఈ లక్షలమందికి ఎవరూ చెప్పలేదు. రోజూ కొత్తవాళ్ళు వింటున్నారు, నమ్ముతున్నారు, ఏడుస్తున్నారు, పొద్దు గూకుతోంది. మేనమామ మీద ఒక్క రాత్రే ఏడ్చారు. కనకరాజు మీద ఏడుపు ఆగే దారే లేదు.

అప్పటిదాకా కాకి సంగతిని ఆమె పెద్దగా నమ్మలేదు. ఆ రోజు నుంచి నమ్మడం మొదలుపెట్టింది. కనకరాజు ట్యాంకర్ నిచ్చెన మీద జారి మోకాలు పగలగొట్టుకున్నాడు. మామూలుగా అయితే పసుపు రాసి ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతనికి జ్వరమొస్తే మానస మంచం పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉండిపోయింది. చెంగిచర్ల దిగుడులో బ్రేకు ఓ క్షణం అందలేదని చెప్పిన రోజున అతనే బండి తాళం యజమానికి ఇచ్చేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి పిల్లిలా తలుపు మూల నక్కి, బయట ఆటోలో ఆ పాట వినబడితే చెవులు మూసుకునేవాడు.

మానస స్టూడియోకి పరుగెత్తింది. "పాట తీసెయ్యన్నా."

"నేను తీసేస్తె ఆగుతదా? ఎవని ఫోన్ల వాడు పెట్టుకున్నడు" అన్నాడు ఉపేందర్. అతనికీ నిద్రలేదని కళ్ళు చెబుతూనే ఉన్నాయి.

ఆమె మొగుణ్ణి పక్కన నిలబెట్టుకుని, ఈయన బతికే ఉన్నాడు, ఏడవకండి అని వీడియో పెట్టింది. జనం నమ్మారనుకున్నారా? "మొగడు పోయి ఏడాది కాలేదు, అప్పుడే రెండో మొగడా?" అని రాశారు. "కనకరాజన్నను మర్చిపోయినవా అక్కా, సిగ్గులేదా?" అని ఇంకొకడు. కనకరాజు అవన్నీ చదువుకుని, బతికుండి కూడా తన చోట్లో తనే పరాయివాడైనట్టు బిక్కమొహం వేశాడు.

దారి చూపింది రాములమ్మే. ఉప్పల్‌లో జానపద గాయకుల సభ పెట్టారు, మానసను పిలిచారు. వేలమంది వస్తారు. "వాళ్ళ ముంగట పాడు. ఏడ్చినంక వీణ్ణి నిలబెట్టి, కండ్లార చూపెట్టి చెప్పు. పొద్దుగూకక ముందే చెప్పాలె. గంతమందికి చెప్తె కొంతన్న తీరుతది" అంది.

ఉపేందర్ విని తల పట్టుకున్నాడు. "చెల్లె, జనం గా పాటను ఎందుకు మోస్తున్నరో ఎరుకేనా? నిజమనుకొని. ఉత్తదని నువ్వే చెప్తె పాట సస్తది. నీ పేరు మల్ల లేవది."

"పాట సస్తె సావనీ, మనిషి ఉంటడు" అంది మానస. అందే గానీ, ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పాటే.

సభ రోజున ఆమెను ముందుగా పాడించమని బతిమాలి ఒప్పించుకున్నారు. ఎండ ఇంకా మెట్రో స్తంభాల మీద ఉంది. కనకరాజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని స్టేజీ వెనక మెట్ల దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. రాములమ్మ ముందు వరసలో కూర్చుని కోడలి వైపు కన్నా పడమటి వైపే ఎక్కువగా చూస్తోంది.

మానస పాడింది. మొదటి మాట ఎత్తగానే ముందున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పేరు దగ్గరికొచ్చేసరికి జనమే అందుకున్నారు. "కనకరాజా" అని వేల గొంతులు ఒక్కసారి ఏడ్చాయి. వెనక మెట్ల మీద అతను వింటున్నాడని మానసకు గుర్తొచ్చింది. ఇన్ని గొంతులు పిలిస్తే ఎవడైనా పోకుండా ఉంటాడా అనిపించింది. చరణం మధ్యలోనే ఆపేసి, వెనక్కి పరుగెత్తి, అతని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ఇగో ఈయనే కనకరాజు. బతికే ఉన్నడు. నాకు ఉత్తగ చెప్పిన్రు, నేను నమ్మి ఏడ్చిన. మీరెవ్వరు ఏడ్వొద్దు, మీ కాళ్ళు మొక్కుత" అంది మైకులో.

కనకరాజు ఎన్నికల్లో నిలబడ్డవాడిలా రెండు చేతులూ జోడించాడు. ఎవరో ఈల వేశారు, కొందరు నవ్వారు. "మరి మమ్మల్నెందుకు ఏడిపిచ్చినవ్?" అని ఒకడు లేచి అరిచాడు. నీళ్ళ సీసా ఒకటి వచ్చి స్టేజీ మీద పడింది. రాములమ్మ మాత్రం అమ్మయ్య అని కళ్ళు తుడుచుకుంది. ఉపేందర్ ఓ పక్కన నిలబడి, తను చేసిన ఒక్క మంచిపాట కళ్ళముందు కూలిపోతుంటే చూస్తున్నాడు.

అంతలో ఫ్యాక్టరీ నీలికోటు వేసుకున్న ఓ పిల్ల కర్రల అడ్డు దాటుకుని మెట్లెక్కింది. వాలంటీర్లు పట్టుకోబోతే మానస వద్దంది. కొడుతుందేమో, కొట్టనీ అనుకుంది. ఆ పిల్ల కొట్టలేదు. కనకరాజు దగ్గరికెళ్ళి అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"నిజంగనే బతికున్నడా అక్కా?"

"బతికున్నడు చెల్లె."

"మరి ఉత్తదని నీకెవరు చెప్పిన్రు?"

"మా అన్న. ఉరికొచ్చి చెప్పిండు."

"ఎంతసేపటికి?"

"జరసేపటికే" అంది మానస.

ఆ పిల్ల తల ఊపింది. ఆమె గొంతులో కోపం గానీ వెటకారం గానీ ఏమీ లేవు. "పోయిన వానకాలానికి మా ఆయన పోయి ఏడాది. నాకింకా ఎవ్వరొచ్చి చెప్పలే" అంది.

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట మైదానమంతా వినబడింది. అరిచినవాడు కూర్చున్నాడు. మానస జనం వైపు చూసింది. వాళ్ళలో ఒక్కరు కూడా కనకరాజు మీద ఏడవలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఎవరి మనిషి మీద వాళ్ళు ఏడ్చుకున్నారు. ఆ పేరు వాళ్ళకు ఒక పిలుపు, అంతే. ఇన్ని నెలల భయం గుండెల మీంచి దిగిపోయింది. దిగిన చోటే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఎప్పుడో ఒకప్పుడు తనకూ ఆ కబురు నిజంగా వస్తుంది. ఆ రోజు ఎవరూ ఉరికి రారు. లేదా తన కబురు ముందు ఈ మనిషికే వెళ్తుంది. ఇద్దరిలో ఒకరికి తప్పదు. దానికి ఏ విరుగుడూ రాములమ్మకు తెలియదు.

"ఇంకోపారి పాడక్కా" అంది ఆ పిల్ల.

కింద నుంచి రాములమ్మ లేచి, "వద్దే, ఇగ ఎత్తకే, పొద్దుగూకుతున్నది!" అని కేకేసింది. మానస మొగుడి వైపు చూసింది. అతని పెదాలు పాలిపోయి ఉన్నాయి. భయపడుతున్నాడు, అది అందరికీ కనబడుతూనే ఉంది. అయినా ఆ పిల్ల మొహం చూసి, "పాడు" అన్నాడు.

ఆమె ఓ చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి దడదడా కొట్టుకుంటోంది. పేరు మార్చకుండా మొదటినుంచీ ఎత్తుకుంది. ఈసారి జనం ఎవరూ గొంతు కలపలేదు. ఎవరి ఒళ్ళో వాళ్ళు చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల ఏడవలేదు. పాట సాగుతున్నంతసేపూ, ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి ఒక మాట చెప్తారన్నట్టు, స్టేజీ మెట్ల వైపే చూస్తూ నిలబడింది.